రాతి లతకు కాగితపు లోతు

గుత్తి అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేవి కొండల మీదుగా మెలికలు తిరిగిపోయే కోటగోడలు, వాటిని ఏలిన మురారిరావు ఘోర్పడే, ముట్టడించి పట్టుకున్న హైదరాలీ, ఆ తరువాత దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో. పువ్వులకూ లతలకూ ఆ వరుసలో చోటు లేదు; యుద్ధం కోసం కట్టిన కోటలో అలంకారం తక్కువగా ఉండడం సహజమే. అయితే ఈ ఊరికి ఆగ్నేయంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పెన్న ఒడ్డున, చెక్కడానికి వీలున్న చోటల్లా చెక్కిన తాడిపత్రి గోపురాలున్నాయి. దక్షిణంగా అనంతపురం, ధర్మవరం దాటి 150 కిలోమీటర్లకు పైగా వెళితే లేపాక్షి ఉంది. ఆ దారికి దగ్గరలోనే ధర్మవరం మండలంలో తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట ఉంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే ఈ కరవు పీఠభూమిలో రాతి మీద, గచ్చు మీద, మేకతోలు మీద పువ్వును మలచిన సంప్రదాయం కొన్ని శతాబ్దాలుగా నిలిచి ఉంది. ఆ పాత పూల నమూనాలను కాగితంతో శిల్పాలుగా మార్చి ప్రదర్శనశాలల్లో, పెళ్లి మండపాల్లో, దుకాణాల అద్దాల వెనుక నిలబెట్టడం ఎలా సాధ్యమవుతుంది, ఆ మార్పులో ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్నది ఈ వ్యాసానికి విషయం.

కాగితపు శిల్పం అంటే పలుచని తావును కోసి, మడిచి, వంచి, పొరలుగా పేర్చి, ఎత్తూ లోతూ గల రూపంగా నిలబెట్టినది. ముద్ద చేసిన కాగితాన్ని అచ్చులో పోసి చేసే బొమ్మలు దీనికి దగ్గరి చుట్టాలే గాని ఇదే కాదు. ఇక్కడ తావు తావుగానే ఉండి, తన మడతల బలంతోనే నిలుస్తుంది. ఒక గదినో, ద్వారాన్నో, దుకాణపు అద్దాల అరనో మొత్తంగా ఒకే కళాకృతిగా భావించి, ఆ చోటి కొలతకూ వెలుతురుకూ తగ్గట్టు ఇటువంటి రూపాలను అమర్చడాన్ని కళారంగంలో ఇన్‌స్టలేషన్ అంటారు. పాత నమూనాను ఇందులోకి తెచ్చేవారికి ఎదురయ్యే అసలు సమస్య రంగు కాదు, పరిమాణం కాదు, లోతు. బల్లపరుపుగా గీసిన లతలో ఏ రేకు ముందుకు రావాలో, ఏది వెనక్కి పోవాలో, కాడ ఎక్కడ గోడను విడిచి గాలిలోకి లేవాలో పాత చిత్రకారుడు చెప్పలేదు, చెప్పవలసిన అవసరం అతనికి రాలేదు. కాగితం పట్టుకున్న మనిషి ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబుల మంచిచెడ్డలే శిల్పం మంచిచెడ్డలు.

ఈ లోతు పాఠాన్ని చదువుకోవడానికి లేపాక్షి వీరభద్రాలయం కంటే మంచి చోటు తెలుగునాట దొరకడం కష్టం. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్ది రెండవ పాదంలో, ఆయన అధికారి విరూపణ్ణ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఈ ఆలయాన్ని, ఏకశిలా నందితో కలిపి, 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. సందర్శకులు ఎక్కువగా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెనుదిరుగుతారు. పూల నమూనాలు వెతికేవారికి ఆ స్తంభంతో పెద్దగా పని లేదు. వారు చూడవలసినవి మూడు, అవి మూడు వేర్వేరు లోతుల్లో ఉన్నాయి.

మొదటిది పైకప్పు మీది వర్ణచిత్రాలు. గచ్చు పూత మీద ఖనిజ, వృక్ష సంబంధమైన రంగులతో వేసిన ఈ చిత్రాల్లో దేవతలూ, రాజోద్యోగులూ, స్త్రీలూ కట్టిన బట్టల మీద చారలు, గళ్లు, చిన్న చిన్న పువ్వులు ఎంత వివరంగా కనిపిస్తాయంటే, విజయనగర కాలపు వస్త్రాలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి చరిత్రకారులు వీటిని సాక్ష్యంగా తీసుకుంటారు. ఇక్కడ పువ్వుకు లోతు లేదు. బట్ట మడత పడినా దాని మీది పువ్వు మడత పడదు. గీత మాత్రమే ఉంది, గీత లోపల నిండుగా ఒకే రంగు ఉంది. రెండవది లతామంటపం. అక్కడి స్తంభాల ముఖాల మీద తీగలు, గుండ్రని పువ్వులు, ఒకదానిలో ఒకటి అల్లుకున్న చతురస్రాలు తక్కువ ఎత్తులో చెక్కి ఉన్నాయి. రాతి ముఖం నుంచి ఇవి పైకి లేచేది చాలా కొద్దిగానే. అయినా పొద్దు పక్కనుంచి పడినప్పుడు ఆ కొద్దిపాటి నీడే నమూనాను చదివిస్తుంది. నేతకారులూ అచ్చు వేసేవారూ చీరల అంచులకు ఎక్కువగా తీసుకున్నవి ఈ నమూనాలే. లేపాక్షి డిజైన్లు అన్న పేరు బట్టల దుకాణాల్లో వినిపించడానికి మూలం ఇవే.

మూడవది సాధారణంగా ఎవరూ తల ఎత్తి చూడని చోట ఉంటుంది. స్తంభం పైభాగానికీ దూలానికీ మధ్య బరువు మోయడానికి పెట్టే బోదె రాతి కొన, విజయనగర నిర్మాణాల్లో కిందికి వంగిన తామర మొగ్గగా మారుతుంది. శిల్పశాస్త్ర పరిభాషలో దీనిని పుష్పపోతిక అంటారు. అంతకు ముందరి శతాబ్దాల దక్షిణాది ఆలయాల్లో ఈ బోదె కొన ఏటవాలుగా కోసిన దిమ్మెగానో, వంపు తిరిగిన అంచుగానో సాదాగా ఉండేది. కాలం గడిచేకొద్దీ అది ముందుకు సాగి, వంగి, చివరికి రాయి నుంచి విడివడి గాలిలో వేలాడే మొగ్గ అయింది. కాగితంతో పని చేసేవారికి ఈ పరిణామం గొప్ప ఆధారం. ఒకే ఆలయంలో, ఇంచుమించు ఒకే తరంలో, ఒకే తామరను చిత్రకారుడు గీతగా, శిల్పి తక్కువ ఎత్తు చెక్కడంగా, బోదెను మలచిన మరో శిల్పి అన్ని వైపులా తిరిగిన రూపంగా చూపించారు. కనుక గీతగా ఉన్న పువ్వును లేవదీయడం సంప్రదాయానికి అపచారమేమో అన్న సంకోచం అక్కరలేదు. ఆ పనిని సంప్రదాయం తానే చేసి చూపింది.

తాడిపత్రిలో దొరికేది ఇంకొక రకం పాఠం. పెమ్మసాని నాయకుల కాలంలో 15, 16 శతాబ్దాల్లో వెలసిన బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల్లో, ముఖ్యంగా పూర్తికాని రామలింగేశ్వర గోపురాల అధిష్ఠానం మీద, లతలూ మకరాలూ హంసలూ కలిసి రాతిని కప్పేస్తాయి. గోపురాన్ని నిలువుగా కింది నుంచి పైదాకా అలంకరించిన ఈ పద్ధతిని 19వ శతాబ్దపు వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. కాని ఇంత కిక్కిరిసిన అల్లికను యథాతథంగా కాగితంలోకి దించబోతే అది గజిబిజిగా మారుతుంది, ఎందుకంటే రాతికి ఒకే రంగు, ఒకే దిశ నుంచి వచ్చే వెలుతురు ఉండి కంటికి ఊరట కలిగిస్తాయి. పొరలుగా పేర్చిన కాగితంలో ప్రతి పొర వేసే నీడ మరొక గీతగా కనిపించి, మూలంలో లేని నమూనాను పుట్టిస్తుంది. తాడిపత్రి నుంచి తీసుకునేవారు ఒక తీగ చుట్టును మాత్రమే, అంటే కాడ ఒకసారి లోపలికి తిరిగి పువ్వుతో ముగిసే భాగాన్ని మాత్రమే, తీసుకుని మిగతాది విడిచిపెట్టడం మేలు.

ఇక కాగితం స్వభావం. కాగితం వంగుతుంది గాని సాగదు. శిల్పం కష్టనష్టాలన్నీ ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. మామిడిపండుకు కాగితం చుట్టబోతే ముడతలు పడకుండా అతుక్కోదని ఎవరికైనా తెలుసు. అలా ఎందుకు అతుక్కోదో జర్మన్ గణితవేత్త గౌస్ 1827లో నిరూపించాడు. సాగదీయకుండా, చింపకుండా వంచిన తలానికి ఏ బిందువు దగ్గరైనా కనీసం ఒక దిశలో వంపు లేకుండా ఉండి తీరాలి. అందువల్ల సాగని కాగితం స్తంభంలా గుండ్రంగా తిరగగలదు, శంకువులా చుట్టుకోగలదు, బంతి మాత్రం కాలేదు. లేపాక్షి మొగ్గ రేకు అటూ ఇటూ రెండు దిశల్లోనూ ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును కాగితానికి ఇవ్వాలంటే రేకు మొదట్లో ఒక చీలిక కోసి, ఆ రెండు అంచులనూ ఒకదాని మీదికి ఒకటి జరిపి అతికించాలి. అప్పుడు రేకు పలుచని శంకువు అవుతుంది, దూరం నుంచి చూసే కంటికి ఉబ్బినట్టే కనిపిస్తుంది. దర్జీలు రవికకు వేసే డార్టు సరిగ్గా ఇదే పని చేస్తుంది. చీలిక ఎంత పొడవు ఉండాలి, ఎంత వెడల్పు అతికించాలి అన్నది కొలిచి చెప్పడం కంటే చేసి చూడడమే సులువు. నాలుగైదు రేకులు పాడైన తరువాత చేతికే తెలుస్తుంది.

రెండవ ఉపాయం వంపు మడత. తిన్నని గీత వెంట మడిస్తే కాగితం రెండు చదునైన ముక్కలుగా నిలుస్తుంది. అదే వంకర గీత వెంట మొద్దు మొనతో గీటు పెట్టి మడిస్తే, గీతకు అటువైపు ఒక దిశలోనూ ఇటువైపు ఇంకో దిశలోనూ తావు తనంతట తానే వంగుతుంది. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో జోసెఫ్ ఆల్బర్స్ 1920ల చివర విద్యార్థులకు ఇచ్చిన కాగితపు అభ్యాసాల్లో, ఒకే కేంద్రం చుట్టూ గీసిన వలయాల వెంట మడిచిన తావు జీనులాగా మెలి తిరిగి నిలబడేది. ఆకు నడుమ ఈనెను ఇలా వంకర గీటుగా పెడితే ఆకుకు రూపమే కాక బలం కూడా వస్తుంది. బలం విషయం చిన్నది కాదు. ఒకే కాగితంతో రేకు పొడవును రెట్టింపు చేస్తే, తన బరువుకు తాను వాలిపోయే వాలు రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. బెత్తెడు పువ్వును నిలువెత్తు చేయబోయినవారు నమూనా బల్ల మీద చక్కగా నిలిచినది మండపంలో ఎందుకు కుంగిపోయిందో తెలియక తికమక పడేది ఇందువల్లనే. పెద్ద రేకుకు మందం పెంచాలి, లేదా ఈనెలు పెంచాలి, లేదా వెనుక సన్నని వెదురు బద్దను దాచాలి.

కాగితాన్ని ఎన్నుకునేటప్పుడు దుకాణంలో వినిపించే జీఎస్ఎమ్ అన్న మాట చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుంటుందో చెబుతుంది. ఆఫీసుల్లో వాడే ఏ4 కాగితం ఎక్కువగా 75 లేదా 80 ఉంటుంది. చిన్న రేకులకు 120 నుంచి 160 వరకూ, నిలబడవలసిన కాడలకూ పెద్ద ఆకులకూ 200 నుంచి 300 వరకూ ఉన్నవి అనుకూలం. మిల్లు కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటాయి. ఆ దిశ వెంట చుడితే తావు మెత్తగా చుట్టుకుంటుంది, అడ్డంగా చుడితే ఎదురు తిరుగుతుంది. తేమ తగిలినప్పుడు నార పొడవులో కంటే మందంలో ఎక్కువ ఉబ్బుతుంది కనుక తావు కూడా నారకు అడ్డంగానే ఎక్కువ పెరుగుతుంది. రేకులన్నిటినీ నార ఒకే వైపు ఉండేలా కోయకపోతే, తొలకరి గాలికి ఒక పువ్వులోనే సగం రేకులు ఒకలాగా, సగం ఇంకోలాగా తిరిగిపోతాయి. చేతితో తయారుచేసిన కాగితంలో నారలు ఇంచుమించు అన్ని దిశల్లోనూ కలిసిపోతాయి కాబట్టి ఈ బెడద తక్కువ. పుదుచ్చేరిలోనూ జైపూరు దగ్గరి సాంగానేర్‌లోనూ చేసే అటువంటి కాగితం శిల్పకారులకు ఇష్టమైనది కావడానికి అందమొక్కటే కారణం కాదు.

గుత్తి వాతావరణం ఈ పనికి ఒకందుకు మేలు, ఒకందుకు కీడు. కోస్తాలో వానకాలమంతా గాలిలోని తేమను తాగి మెత్తబడే కాగితం ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు బిగువుగా నిలుస్తుంది, మడత పదునుగా పడుతుంది, బూజు త్వరగా పట్టదు. అదే ఏప్రిల్, మే నెలల ఎండలో నారలోని చివరి తేమ కూడా ఆరిపోయి, మందపు కాగితం మడత దగ్గర పగులుతుంది. అతికే లోపే జిగురు ఆరిపోతుంది. ఆ నెలల్లో పొద్దున్నే పని ముగించుకోవడం, మడిచే ముందు గీటు మీద తడిగుడ్డ తేలికగా ఆనించడం వంటి జాగ్రత్తలు తీసుకుంటే సరిపోతుంది.

పువ్వును కాగితంలోకి తేవడానికి లేపాక్షి కంటే కూడా దగ్గరి ఆదర్శం నిమ్మలకుంట చేతిపనిలో ఉంది. తోలుబొమ్మలాట ఆడే ఇక్కడి కుటుంబాల పూర్వులు మరాఠీ ప్రాంతం నుంచి వచ్చినవారు. మేకతోలును శుభ్రం చేసి, సాగదీసి ఆరబెట్టి, వెలుతురు దాటేంత పలుచగా చేసి, దాని మీద రామాయణ, భారత పాత్రలను మనిషి ఎత్తుకు దగ్గరగా గీసి, రంగులు వేసి, రంధ్రాలు కొడతారు. ఆ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ కళను గురించి రాసేవారు కథలనూ, కేతిగాడు, బంగారక్కల హాస్యాన్నీ తలచినంతగా రంధ్రాలను తలచరు. కాని బొమ్మ కిరీటం మీద, హారం మీద, చీర అంచు మీద కనిపించే పూలన్నీ ఆ రంధ్రాలే. వేర్వేరు మొనలు గల ఉలులతో గుండ్రంగానో, నెలవంకగానో, గింజ ఆకారంలోనో ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క చిల్లు పడుతుంది. వెనుక దీపం పెట్టినప్పుడు తెర మీద ఆ చిల్లులే నగలై మెరుస్తాయి, రంగు వేసిన తోలు బట్ట అవుతుంది. పువ్వు ఇక్కడ పదార్థంతో కాదు, పదార్థం లేకపోవడంతో ఏర్పడుతోంది.

ఇందులో కోతపనికి ప్రాణప్రదమైన సూత్రం ఒకటి ఉంది. రేకు చుట్టూ గీతను పూర్తిగా కోస్తే రేకు ఊడి కింద పడుతుంది. కనుక కోసిన భాగాల నడుమ కోయని సన్నని పట్టీలు మిగలాలి, ఆ పట్టీలు కూడా నమూనాలో భాగంగానే కనిపించాలి. తోలుబొమ్మ పనివాడు గీతను గీతగా కోయడు; దానిని చుక్కల వరుసగా మారుస్తాడు, చుక్కకూ చుక్కకూ మధ్య మిగిలిన తోలే పట్టీ అవుతుంది, బొమ్మ ఆడేటప్పుడు చిరగకుండా కాపాడుతుంది. లేపాక్షి చిత్రాల్లోని సన్నని గీతలను కాగితంలో కోయబోయి విఫలమయ్యేవారు చాలామంది గీతను చుక్కలుగా విడగొట్టాలన్న ఆలోచన చేయరు. కథలు ఆడించేవారికి ప్రేక్షకులు తగ్గిన తరువాత నిమ్మలకుంటవారు ఇదే నేర్పుతో దీపపు గుమ్మటాలు, తలుపు తెరలు, గోడకు వేలాడే పలకలు చేయడం మొదలుపెట్టారు. ప్రభుత్వ హస్తకళల సంస్థ లేపాక్షి పేరుతో నడిపే దుకాణాల్లో ఇటువంటివి దొరుకుతాయి. ఒక విధంగా చూస్తే, పాత పూల నమూనాను ప్రదర్శన వస్తువుగా, అది కూడా చుట్టూ తిరిగి చూడదగిన రూపంగా మార్చే పని అనంతపురం సీమలో ఇప్పటికే జరిగిపోయింది. మిగిలింది తోలు స్థానంలో కాగితం రావడమే. ఆ మార్పులో కొంత నష్టం ఉంది. తోలు వెలుతురును పసుపుగా, వెచ్చగా వడకడుతుంది, కాగితం తెల్లగా చెదరగొడుతుంది. తోలు మీద రంగు వెనుక దీపంతో వెలుగుతుంది, దళసరి కాగితం మీద రంగు ముందు దీపం లేకపోతే చచ్చిపోతుంది. పలుచని చేతి కాగితానికి నూనె పూసి దీపం ముందు పెట్టేవారు ఈ తేడాను కొంతవరకూ పూరించగలరు గాని, నూనె కాగితం నిప్పుకు మరీ సులువుగా దొరుకుతుంది కనుక జనం తిరిగే చోట ఆ పద్ధతిని మానుకోవడమే క్షేమం.

పూల నమూనాకూ కాగితానికీ ఉన్న సంబంధం తెలుగువారికి కొత్తది కాదనడానికి కలంకారీ మరొక నిదర్శనం. 1605, 1611 ప్రాంతాల్లో డచ్చివారూ ఆంగ్లేయులూ మచిలీపట్నంలో అడుగుపెట్టిన నాటి నుంచి కోరమాండల్ తీరపు పూల బట్టలు ఐరోపాకు ఓడల మీద వెళ్లాయి. ఆ బట్టల తయారీని 1742లో వివరంగా రాసి పంపిన ఫ్రెంచి జెసూట్ మతగురువు కూర్దూ, చిత్రకారులు ముందుగా నమూనాను కాగితం మీద గీసి, గీతల వెంట సన్నని సూదితో చిల్లులు పొడిచి, దానిని బట్ట మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దేవారని చెప్పాడు. చిల్లుల గుండా జారిన పొడి బట్ట మీద చుక్కల గీతగా నిలిచేది. దాని మీద కలం నడిచేది. అంటే 18వ శతాబ్దంలో ప్రపంచానికి నచ్చిన ఆ పూల లతలు బట్టగా మారకముందు చిల్లులు పొడిచిన కాగితమే. పని అయ్యాక చిరిగిపోయి, మసిపట్టి పోయిన ఆ కాగితాలను ఎవరూ దాచలేదు. బట్టలు మాత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, టొరంటోలోని రాయల్ ఆంటారియో మ్యూజియంలో, అహ్మదాబాదులోని కాలికో మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

ఈ బట్టలను గురించి ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. స్వదేశీ నేతకారులకు నష్టమని ఫ్రాన్సు 1686 నుంచి 1759 వరకూ, ఇంగ్లండు 1700, 1721 నాటి చట్టాలతో, వీటి మీద నిషేధాలు పెట్టేంతగా ఇవి అక్కడ ఆదరణ పొందాయి. ఆ ఆదరణ నిలుపుకోవడానికి వర్తక కంపెనీలు అక్కడి అభిరుచికి తగిన నమూనాలను ఇక్కడికి పంపాయి. రాళ్ల గుట్ట మీద నుంచి మెలికలు తిరుగుతూ లేచిన ఒకే చెట్టుకు పది రకాల పువ్వులు పూసే ప్రసిద్ధమైన జీవవృక్ష నమూనాలో పారశీక, చైనా, ఐరోపా అభిరుచులూ తెలుగు, తమిళ చిత్రకారుల చేయీ కలగలిసి ఉన్నాయి. అందుచేత పాత నమూనాను కాగితంలోకి తెచ్చేటప్పుడు స్వచ్ఛత పేరుతో ఒక్క గీత కూడా మార్చకూడదని పట్టుబట్టడం చరిత్ర తెలియని పట్టుదల. మార్చినది ఏమిటో, ఎందుకో చెప్పగలిగితే చాలు. ఆ జీవవృక్షం కాగితపు శిల్పకారుడికి ఒక వరం కూడా. ఒకే కొమ్మకు రకరకాల పువ్వులు ఉండడం వల్ల, ఒకదానికి చీలిక, ఒకదానికి వంపు మడత, ఒకదానికి చిల్లుల పని అని వేర్వేరు ఉపాయాలను ఒకే రూపంలో వాడుకోవచ్చు.

కాగితంతో పువ్వును చేయడంలో ఇతర చోట్ల అనుభవం విస్తారమైనదే. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే వృద్ధురాలు 72వ ఏట మొదలుపెట్టి, రంగు కాగితపు తునకలను నల్లని కాగితం మీద పేర్చి దాదాపు వెయ్యి మొక్కల చిత్రాలు చేసింది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అవి వృక్షశాస్త్రవేత్తలకూ పనికి వచ్చేంత ఖచ్చితమైనవి. మన దేశంలో మథుర, బృందావనాల సాంఝీ పనివారు చిన్న కత్తెరతో కాగితంలో లతలూ కృష్ణలీలలూ కోసి, ఆ కోతను అచ్చుగా పెట్టి నేల మీద రంగులు చల్లుతారు. ఈ రెండూ బల్లపరుపు కళలే. లోతు వాటి ధ్యేయం కాదు. అయినా డెలానీ నుంచి పొరల క్రమాన్నీ, సాంఝీ నుంచి పట్టీల నేర్పునూ తీసుకోవచ్చు.

పని జరిగే తీరును లేపాక్షి పైకప్పు తామర ఉదాహరణతో చూపవచ్చు. ఈ ఆలయాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కనుక రాతి మీద కాగితం అదిమి రుద్ది అచ్చు తీయడం, చిత్రాన్ని తాకడం తగవు. నిటారుగా కింద నిలబడి తీసిన ఫొటోయే ఆధారం. దానిని తెర మీద పెద్దది చేసి, పగుళ్లనూ రాలిన చోట్లనూ విడిచి, ఒక రేకును మాత్రమే శుభ్రంగా గీసుకోవాలి, ఎందుకంటే ఎనిమిది రేకుల తామరలో నిజంగా గీయవలసినది ఎనిమిదో వంతే, మిగిలినది దాని పునరావృత్తి. తావును మూడుసార్లు సగానికి మడిచి కోస్తే ఎనిమిది రేకులు ఒక్కసారే వస్తాయి. బడిపిల్లలు కూడా చేయగలిగిన ఈ మడత కోతతో మొదటి నమూనా తీసి, అసలు శిల్పానికి ఒక్కొక్క రేకును విడిగా కోస్తారు. వెలుపలి వరుస రేకులు వెడల్పుగా, తక్కువ వంపుతో, లోపలి వరుసలు సన్నగా, ఎక్కువ వంపుతో ఉండాలి. దుద్దు దగ్గర తోలుబొమ్మ తరహా చిల్లులు పెడితే వెనుక వెలుతురు అక్కడే గుమిగూడుతుంది. అతికించడానికి మైదాగంజి చౌక, కాని అది పురుగులకు విందు. నాలుగు రోజుల పెళ్లికి ఫరవాలేదు, నాలుగు నెలల ప్రదర్శనకు తెల్ల ఫెవికాల్ వంటి జిగురే మేలు. పప్పులో ఉప్పులా తూకంగా రంగు వాడాలన్నది కూడా లేపాక్షే నేర్పుతుంది. అక్కడి చిత్రకారులు నీలాన్ని దాదాపు దూరం పెట్టి కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపులతోనే గడుపుకున్నారు. తెల్ల కాగితాన్ని తెల్లగానే ఉంచి నీడతో పని చేయించుకునే నేటి శిల్పకారుల పద్ధతి లతామంటపానికి సరిపోతుంది, పైకప్పు చిత్రాలకు సరిపోదు.

ఈ విద్యకు ఇప్పుడు గిరాకీ పెరగడానికి ఒక నిబంధన కూడా తోడ్పడింది. పెళ్లి మండపాల వెనుక గోడలకూ వినాయకచవితి పందిళ్లకూ ఇన్నాళ్లూ వాడిన థర్మోకోల్‌ను, అలంకరణ కోసం వాడకూడదని 2022 జూలై 1 నుంచి కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. తామర రేకులను వేడి తీగతో నిమిషంలో కోసుకునే అలవాటు ఉన్న మండప అలంకరణవారికి కాగితం నిదానమైన పదార్థమే, కాని అది తేలిక, మడిచి ఒక అట్టపెట్టెలో పెట్టుకుని ఊరూరా తీసుకుపోవచ్చు. జనం కూడే చోట నిప్పు భయం ఉంది కనుక మంట పట్టనీయని ద్రావణం చల్లడం, వేడెక్కే బల్బుల బదులు ఎల్ఈడీ దీపాలు పెట్టడం, వాటికీ కాగితానికీ ఎడం ఉంచడం తప్పనిసరి. వేలాడదీసే రూపాలను ఒక్క దారం మీద వదిలితే గాలికి తిరిగి వెనుకవైపు కనిపిస్తుంది. మూడు దారాలు కడితే నిలుస్తాయి.

మిగిలినది ప్రదర్శన పక్కన పెట్టే చీటీ సంగతి. భౌగోళిక గుర్తింపు తోలుబొమ్మల పేరును కాపాడుతుంది గాని, ఆ చిల్లుల నమూనాను కాగితంలో కోసేవారిని ఆపదు. లేపాక్షి లత మీద ఎవరికీ హక్కు లేదు. కాబట్టి చీటీ మీద నమూనా ఏ ఆలయంలోని ఏ మంటపానిదో, చిల్లుల పద్ధతి ఏ ఊరివారి దగ్గర నేర్చినదో, కోసినవారు ఎవరో రాయడం చట్టం అడగని పని. చిల్లుల పనిని నిమ్మలకుంట కుటుంబాల చేతనే చేయించి, కోతకూలీ కాకుండా నమూనాకారులకు ఇచ్చే రుసుము ఇచ్చినప్పుడు ఆ చీటీలో పేర్లు సహజంగానే చేరతాయి.